ఫోనులో రాసుకున్నది మన దగ్గరే ఉండాలంటే



వికారాబాద్ జంక్షన్‌లో పొద్దున్నే హైదరాబాద్ పోయే బండి కోసం నిలబడినా, తాండూరు మార్కెట్ యార్డులో కందుల కుప్పల మధ్య తిరిగినా, ఫోను లేని చెయ్యి కనిపించదు. ఆ ఫోనులో మాట్లాడటం, వీడియో చూడటం అందరికీ వచ్చు. రాసుకోవడం దగ్గరికి వచ్చేసరికి మన అలవాట్లు చూస్తే మాత్రం నాకు దిగులు. నాపరాళ్ల లోడు లెక్కను వాట్సాప్‌లో తనకు తానే పంపుకుంటారు ఒకరు. కంది విత్తిన తారీఖును కాంటాక్టుల్లో పేరులాగా దాచుకుంటారు ఇంకొకరు, కింద ఏదో ఒక నంబరు కొట్టి. కాగితం మీద రాసి దాన్ని ఫోటో తీసుకునేవాళ్లు మరికొందరు. ఆరు నెలల తర్వాత ఆ ఫోటో వేల ఫోటోల కింద పడి ఉంటుంది. ఫోను మారిస్తే, పాడైతే, వాట్సాప్ మళ్లీ మొదటి నుంచి వేసుకుంటే, సగం లెక్కలు అంతటితో సరి.

అందుకని ఇవాళ ఒక చిన్న విషయం మీతో వివరంగా మాట్లాడదామని వచ్చాను. మామూలు అక్షరాలు రాసి దాచుకునేందుకు ఫోనులో ఏ యాప్ పెట్టుకోవాలి? దీన్ని టెక్స్ట్ ఎడిటర్ అంటున్నాం. ప్లేస్టోర్‌లో ఆ మాట కొడితే వరసగా యాప్‌లు వచ్చి పడతాయి. వాటి రంగులూ చుక్కల రేటింగులూ చూసి ఎంచుకోవద్దని నా మనవి. మీరు రాసింది ఒక ఫైలుగా మీ చేతికి వస్తుందా? ఆ యాప్ తీసేసినా ఫైలు మిగులుతుందా? ఇంకో ఫోనులో, ఇంకో కంప్యూటర్‌లో తెరిచినప్పుడు మన తెలుగు చెదరకుండా ఉంటుందా? నేను చూడమనేది ఈ సంగతే. మిగతా హంగులన్నీ దీని తర్వాత.

ముందు ఉత్త అక్షరాల ఫైలు అంటే ఏమిటో చెబుతాను. పేరు చివర చుక్క పెట్టి టి.ఎక్స్.టి. అని ఉంటుంది. అందులో అక్షరాల రంగు ఉండదు, సైజు ఉండదు, బొమ్మలుండవు. అక్షరాలు, ఖాళీలు, వరుస ఎక్కడ తెగిందో చెప్పే గుర్తు, అంతే. ఏ కంపెనీ సొత్తూ కాదు కాబట్టి ఏ యంత్రమైనా తెరుస్తుంది. జాగా కూడా దాదాపు తీసుకోదు. నేనిప్పుడు చదువుతున్న ఈ ప్రసంగం మొత్తం టైపు చేస్తే 50 కిలోబైట్లు కూడా దాటదు. మీ ఫోనులో తీసిన ఒక్క ఫోటో 3 మెగాబైట్లు ఉందనుకుంటే, ఆ జాగాలో ఇలాంటి ప్రసంగాలు 60కి పైగా పడతాయి.

ఫైలులో ఉండేవి నిజానికి అంకెలు. ప్రతి అక్షరానికీ ప్రపంచమంతా ఒప్పుకున్న ఒక సంఖ్య ఉంటుంది. ఆ పట్టిక పేరు యూనికోడ్. దాని మొదటి కూర్పు 1991 అక్టోబరులో వచ్చింది. అందులో తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు. తెలుగు స్థానాలు అయిపోగానే వెంటనే కన్నడ స్థానాలు మొదలవుతాయి. తాండూరు వాళ్లకు ఈ ఇరుగుపొరుగు కొత్త కాదు, బషీరాబాద్ దాటితే సేడం వైపు బోర్డులన్నీ కన్నడమే కదా. ఆ సంఖ్యలను ఫైలులో దాచే పద్ధతిని యు.టి.ఎఫ్-8 అంటారు. కెన్ థామ్సన్, రాబ్ పైక్ అనే ఇద్దరు 1992లో రూపొందించారు. ఇవాళ ఇంటర్నెట్టంతా దాదాపు దాని మీదే నడుస్తోంది. ఈ పేరు గుర్తు పెట్టుకోండి, యాప్ సెట్టింగుల్లో 'ఎన్‌కోడింగ్' అని అడిగిన చోట ఎంచుకోవలసింది ఇదే.

మన లిపి సంగతి వచ్చింది కాబట్టి ఇంకొంచెం లోపలికి పోతాను, ఎందుకంటే యాప్‌ల బలం, బలహీనత బయటపడేది ఇక్కడే. 'స్త్రీ' అని రాస్తే మన కంటికి ఒక్క అక్షరం. ఫైలులో అది ఆరు ముక్కలు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. ఒక్కో ముక్కకు యు.టి.ఎఫ్-8లో మూడేసి బైట్లు, మొత్తం 18. ఆ ఆరు ముక్కలను కలిపి స కింద త వత్తు, ర వత్తు వేసి, పైన గుడి దీర్ఘం పెట్టి తెర మీద చూపించడం ఫోను లోపలి ప్రోగ్రాము చేసే పని. అది తప్పితే వత్తులు విడిపోయి పక్కపక్కన పడతాయి.

ఈ పని ఎంత సున్నితమో 2018 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది. 'జ్ఞా' అనే అక్షరం ఒక ప్రత్యేకమైన వరసలో, మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తుతో టైపు చేసి పంపితే, ఆనాటి ఐఫోన్లలో సందేశాల యాప్‌లు తెరిచిన వెంటనే మూసుకుపోయేవి. ఐఫోన్లను నడిపే ఐఓఎస్ 11.2.5లో ఉన్న లోపం అది. ఫిబ్రవరి 19న 11.2.6 విడుదల చేసి ఆపిల్ దాన్ని సరిదిద్దింది. 'జ్ఞానం' అని రోజూ రాసే మనకు అది వింత వార్త అనిపించింది గానీ, అందులో ఒక కబురు ఉంది: మన లిపిని సరిగా పరీక్షించకుండానే యాప్‌లు బజారులోకి వస్తుంటాయి. పరీక్ష మనం చేసుకోవాలి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఫోనులో రాసుకునే యాప్‌లు రెండు రకాలు. ఒకటి నోట్స్ యాప్‌లు. గూగుల్ కీప్, శాంసంగ్ నోట్స్, ఐఫోన్‌లో ముందే ఉండే నోట్స్, ఇవన్నీ ఈ కోవలోవి. తెరవగానే రాయొచ్చు, సేవ్ చేయమని అడగవు. అయితే మీ రాత ఆ యాప్ సొంత ఖజానాలో ఉంటుంది, ఫైలుగా బయట కనిపించదు. రెండోది ఎడిటర్లు. ఇవి ఫైలును తెరుస్తాయి, మార్చిన తర్వాత అదే ఫైలుగా మళ్లీ పెడతాయి. ఫైలు మీ ఫోల్డరులో మీకు కనిపిస్తూ ఉంటుంది. సరుకుల చీటీకి, ఎవరో చెప్పిన నంబరుకు నోట్స్ యాప్ చాలు, దాన్ని తప్పుపట్టను. ఏళ్ల తరబడి కావలసిన రాతకు మాత్రం ఎడిటరే కావాలని నా గట్టి అభిప్రాయం.

ఎందుకంటారా? యాప్‌లు కంపెనీల చేతుల్లో ఉంటాయి, వాటి షరతులు మారుతుంటాయి. ఎవర్‌నోట్ అనే పేరున్న నోట్స్ యాప్ 2023 డిసెంబరులో ఉచిత ఖాతాలకు 50 నోట్లు, ఒక్క నోట్‌బుక్ అని హద్దు పెట్టింది. అదే సంవత్సరం చివర్లో, ప్రకటనలు లేకుండా సాదాసీదాగా ఉంటాయని పేరు తెచ్చుకున్న 'సింపుల్ మొబైల్ టూల్స్' యాప్‌లు జిపోయాప్స్ అనే కంపెనీకి అమ్ముడుపోయాయి. వాటి పాత కోడు అందరికీ తెరిచి ఉంది కాబట్టి, దాన్ని తీసుకుని వేరే బృందం 'ఫాసిఫై' అనే పేరుతో అవే యాప్‌లను కొనసాగిస్తోంది. యజమాని మారడం నేరం కాదు. కానీ మీ పదేళ్ల వ్యవసాయం లెక్క ఎవరి అమ్మకం కొనుగోళ్ల మీదా ఆధారపడకూడదు. మీ చేతిలో టి.ఎక్స్.టి. ఫైళ్లు ఉంటే ఎవరు ఏది అమ్ముకున్నా మరుసటి రోజు ఇంకో యాప్‌లో తెరుచుకుంటారు.

ఎడిటర్లలో కూడా ఒక చిక్కు ఉంది. ఆండ్రాయిడ్ 10, 11 కూర్పులు వచ్చినప్పటి నుంచి ప్రతి యాప్‌కూ చాలావరకు తన సొంత ఫోల్డరునే హద్దుగా పెడుతున్నారు. ఒక యాప్ ఇంకో యాప్ ఫైళ్లలో చెయ్యి పెట్టకుండా కాపాడటానికి చేసిన మంచి ఏర్పాటే అది. అయితే యాప్ తీసేస్తే ఆ ఫోల్డరు కూడా పోతుంది, అందులో మీ ఫైళ్లుంటే అవీ పోతాయి. కనుక ఎడిటర్ వేసుకోగానే ఒక్క వరుస రాసి సేవ్ చేయండి. సేవ్ చేసేటప్పుడు 'డాక్యుమెంట్స్' అనే ఫోల్డరు చూపించండి. తర్వాత ఫోనులోని 'ఫైల్స్' యాప్ తెరిచి ఆ ఫైలు అక్కడ కనిపిస్తోందా చూడండి. కనిపిస్తే, ఇప్పుడు ఆ ఎడిటర్‌ను పూర్తిగా తీసేయండి. అవును, తీసేయండి. ఫైలు ఇంకా అక్కడే ఉంటే ఆ యాప్‌ను మళ్లీ వేసుకుని నమ్మకంగా వాడొచ్చు. అసలు రాతలు పెట్టకముందే ఈ పని చేసుకోవాలి.

ఇక తెలుగు పరీక్ష. కాగితం, పెన్ను దగ్గర ఉంటే రాసుకోండి. మొదటి వరుసలో ఈ మాటలు: జ్ఞానం, స్త్రీ, కృష్ణ, రాష్ట్రం, సాఫ్ట్‌వేర్. రెండో వరుసలో మీ పనికి సంబంధించిన మాట, అంకెలతో సహా. తాండూరు బండల వ్యాపారి అయితే 'నీలం నాపరాళ్లు, రెండు బై రెండు, 400 అడుగులు' అని రాస్తాడు. మూడో వరుసలో మీ ఇంట్లోనో దుకాణంలోనో వినిపించే రెండో భాష. ఇది మన ప్రాంతంలో తప్పనిసరి. తాండూరులో ఒకే చీటీ మీద తెలుగు, కన్నడ, ఉర్దూ మూడూ కనిపించడం మామూలే. ఉర్దూ కుడి నుంచి ఎడమకు పోతుంది, దాని మధ్యలో అంకెలు వస్తే అవి ఎడమ నుంచి కుడికి పోతాయి. బలహీనమైన ఎడిటర్‌లో ఇక్కడే కర్సర్ ఎక్కడుందో తెలియకుండా గంతులేస్తుంది, ఒక అక్షరం చెరపబోతే ఇంకోటి చెరుగుతుంది. ఉర్దూ వరుస మధ్యలో ఒక ధర రాసి, దాన్ని దిద్ది చూడండి. సరిగా దిద్దగలిగితే ఆ ఎడిటర్ మన ఊరికి పనికొస్తుంది. ఈ పరీక్ష చేయమని యాప్‌ల గురించి రాసే వ్యాసాలు సాధారణంగా చెప్పవు, ఎందుకంటే ఆ రాసేవాళ్లు తాండూరులో ఉండరు.

సేవ్ చేసి, ఫైలును ఇంకొకరి ఫోనుకు పంపండి, వీలైతే ఒక కంప్యూటర్‌లో కూడా తెరవండి. కంప్యూటర్ దగ్గర ఒక జాగ్రత్త. విండోస్‌లోని పాత నోట్‌ప్యాడ్ 2019 దాకా, మనం మార్చకపోతే, కొత్త ఫైలును 'ఏ.ఎన్.ఎస్.ఐ.' అనే పద్ధతిలోనే సేవ్ చేసేది. వచ్చిన హెచ్చరిక చదవకుండా సరే అని నొక్కితే తెలుగు మొత్తం ప్రశ్నార్థకాలైపోయేది, అలా పోయిన అక్షరాలు తిరిగి రావు. ఇంటర్నెట్ సెంటర్లలో పాత కంప్యూటర్లు ఇంకా ఉంటాయి. అక్కడ మీ ఫైలు తెరిచి చూపించండి గానీ, దాని మీదే సేవ్ చేయనివ్వకండి. ఒక నకలు ఇవ్వండి.

డి.టి.పి. దుకాణాలు, ఫ్లెక్సీ దుకాణాల సంగతి వేరు. అక్కడ చాలా చోట్ల అను ఫాంట్లు వాడతారు. ఆ పద్ధతిలో ఫైలులో దాగేది తెలుగు అక్షరం సంఖ్య కాదు, ఇంగ్లిషు అక్షరాల సంఖ్యలే. వాటి మీద తెలుగు ముక్కల ఆకారాలు తొడుగుతారు. అందుకే ఫాంటు లేని చోట తెరిస్తే అర్థం లేని ఇంగ్లిషు గుర్తులు కనిపిస్తాయి. మీరు ఫోనులో రాసిచ్చిన పెళ్లి పత్రిక మాటరును వాళ్లు మార్పిడి చేసుకోవాలి, ఆ సాధనాలు వాళ్ల దగ్గర ఉంటాయి. మార్చిన తర్వాత వత్తుల్లో తేడా వచ్చిందేమో మీరు ఒకసారి చదవాలి. మండలాల నుంచి వార్తలు పంపే విలేకరులకు ఇదంతా నేను చెప్పనక్కర్లేదు. వాళ్లకు చెప్పేది ఒకటుంది: ఎడిటర్ చూపించే అక్షరాల లెక్కను నమ్మకండి, 'స్త్రీ'ని అది ఆరుగా లెక్కపెట్టవచ్చు. మాటల లెక్క చూసుకోండి.

తర్వాత చూడవలసింది వెతకడం. రాసుకోవడం కంటే వెతుక్కోవడం ముఖ్యమని నేనంటాను. తాండూరు కందికి 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ నేలలోని సున్నపురాయీ, ఆ పప్పు రుచీ దేశానికి తెలిశాయి. అలాంటి పంట పండించే రైతు, ఏ తారీఖున విత్తాడో, ఎప్పుడు వాన పడిందో, పూత మీద ఏ మందు కొట్టాడో, అడ్తిలో ఏ ధర పలికిందో, రోజుకొక వరుస ఒకే ఫైలులో రాసుకుంటూ పోతే, మూడేళ్ల తర్వాత 'పురుగు' అని వెతికితే చాలు, మూడేళ్ల పురుగు చరిత్ర కళ్ల ముందు ఉంటుంది. తాండూరులోని వ్యవసాయ పరిశోధన స్థానానికి పోయి సలహా అడిగినప్పుడు, 'ఎప్పుడో దసరా ముందు కొట్టినట్టు యాది' అనడానికీ, తారీఖుతో చెప్పడానికీ ఎంత తేడా! కాగితం మీది రాతను ఇలా ఒక్క మాట కొట్టి వెతకడం కుదరదు, దాని ఫోటోలోనూ కష్టమే.

తెలుగులో వెతకడానికి ఒక కిటుకు చెబుతాను. 'ట్రాక్టర్‌లో', 'సాఫ్ట్‌వేర్' లాంటి మాటల మధ్యలో, వత్తు పడకుండా ఆపడానికి కంటికి కనిపించని ఒక గుర్తు ఉంటుంది. ఇందాక ఐఫోన్ కథలో చెప్పింది అదే గుర్తు. ఒక కీబోర్డు దాన్ని తనంతట తాను పెడుతుంది, ఇంకొకటి పెట్టదు. పలికితే ఒక్కటే అయిన మాట ఫైలులో రెండు రకాలుగా ఉండవచ్చు, అప్పుడు వెతికితే దొరకదు. కాబట్టి మాట మొత్తం కొట్టకుండా మొదటి రెండు మూడు అక్షరాలే కొట్టి వెతకండి. అంకెలు ఎప్పుడూ ఒకే రకంగా రాయండి. ఒకరోజు తెలుగు అంకెలు, ఒకరోజు ఇంగ్లిషు అంకెలు వేస్తే ఆ లెక్క దొరకదు.

ఇంకా కొన్ని త్వరగా చెబుతాను. రాస్తూ రాస్తూ సేవ్ చేయకుండా కెమెరా తెరిచి రెండు ఫోటోలు తీసి తిరిగి రండి. తక్కువ మెమరీ ఉన్న ఫోన్లు వెనక ఉన్న యాప్‌ను మూసేస్తాయి, అప్పుడు రాసింది నిలిచిందా లేదా తెలుస్తుంది. ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి రాసి చూడండి. అనంతగిరి గుట్టల్లోనో, బండల గని లోపలనో సిగ్నల్ లేనప్పుడు పనిచేయని ఎడిటర్ మనకెందుకు? ఊరికే రాయడానికే లొకేషన్, కాంటాక్టులు, మైకు అడిగే ఎడిటర్‌ను ఒప్పుకోకండి, అక్షరాలు రాయడానికి అవేవీ అక్కర్లేదు. గొంతుతో చెప్పి రాయించుకోవడానికి మైకు కావాలి కదా అంటారేమో, ఆ పని చేసేది కీబోర్డు. గూగుల్ 2017 ఆగస్టులో తెలుగుకు కూడా ఆ సదుపాయం ఇచ్చింది. రాయడం అలవాటు లేని పెద్దవాళ్లకు అది గొప్ప ఆసరా. మన తెలంగాణ పలుకుబడిని అది ఒక్కోసారి పుస్తకాల తెలుగులోకి తిప్పేస్తుంది. అలా తిప్పినచోట ఓపికగా దిద్ది, మన మాట మన మాటగానే ఉంచమని నా కోరిక.

కీబోర్డు మాట వచ్చింది కనుక చెప్పాలి: మీరు ఏ ఎడిటర్ వాడినా, కొట్టే ప్రతి అక్షరం ముందు కీబోర్డు యాప్ గుండా పోతుంది. ముక్కూ మొహం తెలియని కీబోర్డు వేసుకోకండి. ఉత్త అక్షరాల ఫైలుకు తాళం కూడా ఉండదు, ఫోను తెరవగలిగిన ఎవరైనా చదువుతారు. బ్యాంకు పిన్ను, ఆధార్ నంబరు, పాస్‌వర్డులు అందులో రాయొద్దు. ఆశా కార్యకర్తలూ అంగన్‌వాడీ టీచర్లూ ఇంటింటి వివరాలు రాసుకునేటప్పుడు ఎవరి జబ్బూ వాళ్ల పేరుతో రాసి ఉంచకండి.

పేర్లు చెప్పమంటారు, చెబుతాను. ఆండ్రాయిడ్‌లో ఏళ్ల తరబడి ఉండవలసిన రాతకు 'మార్కర్' నా మొదటి ఎంపిక. ఎం, ఏ, ఆర్, కె, ఓ, ఆర్ అని వెతకండి. ఉచితం, ప్రకటనలు లేవు, నెట్ లేకుండా నడుస్తుంది, మీరు చూపించిన ఫోల్డరులోనే మామూలు ఫైళ్లుగా రాస్తుంది. దాని కోడు ఎవరైనా చూడొచ్చు. అలా కోడు తెరిచి ఉన్న యాప్‌లను పంచే ఎఫ్-డ్రాయిడ్ అనే చోట దొరుకుతుంది. మొదట్లో దాని బటన్లు ఎక్కువనిపిస్తాయి, పట్టించుకోకండి. అంత అక్కర్లేదు, తెరిచి రాసుకోవడమే కావాలంటే ఇందాక చెప్పిన ఫాసిఫై వాళ్ల నోట్స్ యాప్ తేలిక, అవసరమైనప్పుడు టి.ఎక్స్.టి.గా బయటికి తీసుకోవచ్చు. ఇప్పటికే గూగుల్ కీప్‌కు అలవాటు పడ్డవాళ్లు దాన్ని వదిలేయనక్కర్లేదు. గూగుల్ టేకౌట్ అనే ఏర్పాటు ద్వారా మీ నోట్లన్నీ ఒకేసారి దించుకోవచ్చు. ఏడాదికి ఒకసారైనా దించుకోండి. ఐఫోన్ ఉన్నవాళ్లు ఏ ఎడిటర్ వేసుకున్నా, అది 'ఫైల్స్' యాప్‌లో కనిపించేలా సేవ్ చేస్తుందా అనేది ముందు చూడండి. మీరు ఈ ప్రసంగం వినే నాటికి వీటిలో ఏ యాప్ అయినా చేతులు మారవచ్చు. అప్పుడు పేరు చూడకుండా, ఇందాకటి పరీక్షలే మళ్లీ పెట్టండి.

ఆఖరున ఫైలు పేర్లు. 'లెక్క', 'లెక్క కొత్తది', 'లెక్క చివరిది' అని పెడితే ఏది ఎప్పటిదో నెలలోపే తెలియకుండా పోతుంది. ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత తారీఖు, ఆ తర్వాత విషయం రాయండి. జూన్ 20న విత్తిన కంది అయితే సంవత్సరం, అడ్డగీత, 06, అడ్డగీత, 20, ఆపైన 'కంది'. నెలను ఉత్త 6 అని కాకుండా ముందు సున్నాతో 06 అని రాయాలి. అప్పుడు పేర్ల వరుసలో చూపించమంటే చాలు, ఫోను ఫైళ్లన్నిటినీ కాలక్రమంలో పేరుస్తుంది. నెలకోసారి ఆ ఫోల్డరు మొత్తాన్ని ఒక మెమరీ కార్డులోకో, ఇంట్లో చదువుకునే పిల్లల కంప్యూటర్‌లోకో నకలు తీసి పెట్టండి. యాభై ఫైళ్లయినా నిమిషం పట్టదు. నకలు తీశాక అక్కడ ఒక ఫైలు తెరిచి, తెలుగు సరిగా కనిపిస్తోందా అని చూసి, అప్పుడు లేవండి.